రెక్క విప్పితేనే నీలం: రెండున్నరేళ్ళ పాపకి కుట్టిన ఫెల్ట్ పాలపిట్ట

పాలపిట్టని ఫెల్ట్‌తో, అంటే నేయకుండా పీచుని ఒత్తి చేసే గుడ్డతో, కుట్టాలంటే ముందు తేల్చుకోవలసింది రంగు సంగతి. వాలి ఉన్న పాలపిట్టని చాలామంది గుర్తుపట్టరు. పావురమంత ఒళ్ళు, ఒంటికి కాస్త పెద్దదనిపించే తల, మట్టిరంగు వీపు, గోధుమరంగు రొమ్ము. నడినెత్తిన, రెక్క అంచున, తోక దగ్గర కాస్త నీలం తొంగిచూస్తుంది, అంతే. అదే పిట్ట తీగ మీంచి లేచిందంటే రెక్కల్లోని ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఒక్కసారిగా బయటపడతాయి. నేను చూసిన గుడ్డబొమ్మల్లో చాలావాటికి ఒళ్ళంతా నీలం గుడ్డే వేసేశారు. అలా చేస్తే అది లకుముకిపిట్టకి దగ్గరవుతుంది గాని పాలపిట్ట అవదు.

బెంగళూరులో ఆర్డర్ల మీద ఫెల్ట్ బొమ్మలు చేత్తో కుట్టి ఇవ్వడం నా వృత్తి. ఈ పిట్ట గురించి వివరంగా రాయడానికి కారణం, ఇందులో ఫెల్ట్ రకం దగ్గర్నుంచి ఏ ముక్క ముందు కుట్టాలన్న వరస దాకా ప్రతి నిర్ణయమూ రెక్క కోసం తీసుకున్నదే కావడం.

ఆర్డరు

వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్న తెలుగు కుటుంబం, సొంతూరు సిద్దిపేట వైపు. పాపకి రెండున్నరేళ్ళు. ఆ ఏడాది దసరాకి సెలవు దొరక్క ఊరికి వెళ్ళడం కుదరలేదు. దసరా నాడు జమ్మిచెట్టు దగ్గరికి వెళ్ళడం, పాలపిట్ట కంటపడితే శుభమని పొలాల వైపు వెతుక్కుంటూ నడవడం వాళ్ళ ఊళ్ళో తప్పనిసరి. పాప తల్లి నాతో అన్నమాట ఇది: "అక్కా, ఊర్లుంటె మా నాయిన పొలం దిక్కు తీస్కపొయ్యి చూపిస్తుండె. ఈడ అపార్ట్‌మెంట్లళ్ళకు పాలపిట్ట ఏడికెళ్ళి వస్తది? బొమ్మనన్న చూపిస్త."

నిజానికి పాలపిట్ట తెలంగాణకే కాదు, కర్ణాటకకీ రాష్ట్రపక్షే. ఇక్కడివాళ్ళు నీలకంఠ అంటారు. నగరం దాటి హెసరఘట్ట గడ్డిమైదానాల వైపు వెళ్తే తీగల మీద కూర్చుని మిడతల కోసం నేలకేసి చూస్తూ కనిపిస్తుంది. కానీ పండగపూట పసిపిల్లని వెంటేసుకుని అంత దూరం వెళ్తే కనిపిస్తుందన్న నమ్మకం లేదు. కొన్ని ఊళ్ళలో దసరాకి పిట్టని పట్టి పంజరంలో పెట్టి, డబ్బు తీసుకుని చూపిస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. చట్టం సంగతి అటుంచినా, శుభం పేరు చెప్పి ఒక పిట్టని హింసించడం నాకు మనసొప్పని పని. ఆ తల్లికీ అంతే. అందుకే ఈ ఆర్డరు నాకు ఇష్టంగా అనిపించింది.

ఎలా ఉండాలని అడిగితే ఆవిడ వీడియో కాల్‌లో వాళ్ళ నాన్నగారిని కలిపింది. ఆయన ఒక్కమాటలో తేల్చేశారు. "కూసున్నప్పుడు దానికి రంగే ఉండది బిడ్డా. లేస్తెనే నీలం. గా నీలం కనవడాలె, గదే మనకు శకునం."

ఆ మాటతో నమూనా సగం ఖాయమైపోయింది. రెక్క పైన మట్టిరంగు, లోపల నీలం. పాప రెక్క ఎత్తితేనే నీలం కనపడాలి. అంటే రెక్క ఒంటికి అతుక్కుని ఉండకూడదు, కదలాలి. రెండున్నరేళ్ళ పిల్ల రోజూ లాగే చోట కదిలే కీలు పెట్టడమే ఈ కేసులో అసలు పని.

వయసు ముందు, అందం తర్వాత

3 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మకి నేను పెట్టుకున్న నియమం మారదు. పూస, గుండీ, ప్లాస్టిక్ కన్ను, తీగ, గజ్జె ఏదీ వాడను. బొమ్మల భద్రతకి మన దేశంలో ఐఎస్ 9873 ప్రమాణం ఉంది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయంలో నమోదైన చేతిపనివాళ్ళకి దీన్నుంచి మినహాయింపు ఉంది, నేను అందులోకి వస్తాను. మినహాయింపు కాగితానికే గాని పాప గొంతుకి కాదు కదా. ఆ ప్రమాణంలో చిన్న భాగాలని చూడ్డానికి 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టం లాంటి కొలత ఉంటుంది. దానిలో పూర్తిగా ఇమిడిపోయే భాగమేదీ ఈ వయసు పిల్లల బొమ్మ నుంచి ఊడి రాకూడదు. పిట్టబొమ్మ ముక్కు సాధారణంగా ఆ గొట్టంలో పడుతుంది. అందుకే పిట్టబొమ్మల్లో నా భయమంతా ముక్కు మీదే.

తల్లి చన్నపట్నం లక్క పూసలు కళ్ళుగా పెట్టమని అడిగింది. చన్నపట్నం వాళ్ళు వాడేదీ మన ఏటికొప్పాక వాళ్ళు వాడేదీ ఒకటే కర్ర, అంకుడు. ఆ పూసల నునుపు నాకూ ఇష్టమే. అయినా వద్దన్నాను. కన్ను దారంతోనే కుట్టాను.

కీలు పెట్టడానికి సులువైన దారి రెక్కకీ ఒంటికీ మధ్య గుండీ వేసి దారంతో బిగించడం. అప్పుడు రెక్క గుండ్రంగా తిరుగుతుంది కూడా. గుండీ వద్దనుకున్నాక మిగిలింది ఒకటే, రెక్క పై అంచుని భుజం మీద 3 సెంటీమీటర్ల గీత వెంబడి కుట్టి, మిగతాదంతా వదిలేయడం. పుస్తకం అట్టలా తెరుచుకుంటుంది.

ఫెల్ట్ ఎంపిక

చిక్‌పేట, అవెన్యూ రోడ్డు దుకాణాల్లో ఎ4 షీట్లుగా దొరికే ఫెల్ట్‌లో ఎక్కువ భాగం పాలియెస్టరే. రంగులు బోలెడు, ఉతికినా కుంచించుకుపోదు. కానీ కొన్నాళ్ళు చేతుల్లో నలిగితే మీద ఉండలు లేస్తాయి, పల్చటి రకమైతే కుట్టు దగ్గర సాగిపోతుంది. ఉన్ని ఫెల్ట్ ఒత్తుగా ఉంటుంది, కుట్టుని గట్టిగా పట్టుకుంటుంది, దూది కూరినప్పుడు వంపు తిరిగే తీరే వేరు. ఖరీదెక్కువ, రంగులు తక్కువ, వేణ్ణీళ్ళలో పెట్టి రుద్దితే కుంచించుకుపోతుంది.

ఒంటికి 1 మిల్లీమీటరు మందం ఉన్ని ఫెల్ట్ తీసుకున్నాను. రెక్క లోపలి నీలాలకి పాలియెస్టర్. నాకు కావలసిన ఆ లేత నీలం ఉన్నిలో దొరకలేదు. ఉన్నీ పాలియెస్టరూ పొరలుగా కలిపి కుట్టి ఉతికితే ఒకటి కుంచించుకుంటుంది, ఇంకోటి అలాగే ఉంటుంది, దాంతో రెక్క దోనెలా వంకర తిరుగుతుంది. అందుకని కత్తిరించకముందే ఉన్ని షీట్లని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పిండకుండా తువ్వాల్లో చుట్టి ఒత్తి, నీడలో ఆరబెట్టాను. కుంచించుకోవలసింది చాలావరకు అప్పుడే కుంచించుకుంటుంది. ముదురు నీలం ముక్కని తడి తెల్లగుడ్డ మీద రుద్ది రంగు దిగుతుందేమో కూడా చూశాను. ఈ వయసు పిల్లలు రెక్క కొసని నోట్లో పెట్టుకోకుండా ఉండరు.

కత్తిరింపు

ముక్కు నుంచి తోక దాకా 22 సెంటీమీటర్ల పిట్ట. ఒంటి పక్కలు రెండు, ఒకటి తిరగేసి కత్తిరించాలి. గొంతు నుంచి తోక మొదలు దాకా ఆకు ఆకారంలో పొట్ట పట్టీ, రొమ్ము దగ్గర వెడల్పు 5 సెంటీమీటర్లు. ముక్కు మొదలు నుంచి మెడ వెనక దాకా తల పట్టీ.

చాలా నమూనాల్లో ఈ తల పట్టీ ఉండదు. రెండు పక్కల్ని వీపు మీద నేరుగా కలిపేస్తారు. పిచ్చుకకో చిలుకకో అది సరిపోతుందేమో. పాలపిట్టకి తల వెడల్పు, మెడ పొట్టి. పట్టీ లేకపోతే పక్కనుంచి చూస్తే బాగానే ఉంటుంది గాని ఎదురుగా చూస్తే తల సన్నగా అణిగిపోయి ఉంటుంది. నెత్తిన నీలం కూడా ఈ పట్టీ మీదే వస్తుంది కాబట్టి దాన్ని నీలం ఫెల్ట్‌తోనే కత్తిరిస్తే రెండు పనులూ ఒకేసారి తీరతాయి. వెడల్పు 2.5 సెంటీమీటర్లు చాలు.

పట్టీ అంచు పొడవు, అది కలవాల్సిన పక్క ముక్క వంపు పొడవు ఒకటే కావాలి. వంపుని స్కేలుతో కొలవలేం. కుట్టు గీత వెంబడి దారం పరిచి, ఆ దారాన్ని సాగదీసి కొలవాలి. ఎక్కడ తేడా వస్తే అక్కడ ముడత పడుతుంది, ఫెల్ట్‌లో పడిన ముడతని ఇస్త్రీ కూడా తీయలేదు.

నమూనాని బటర్ పేపర్ మీద గీసి, ఫెల్ట్ మీద పెట్టి పొడుగు కుట్లతో టాకా వేసి, కాగితంతో సహా కత్తిరిస్తాను. గుండుసూదుల కంటే ఇది నాకు నమ్మకం. కత్తెరని తిప్పకుండా గుడ్డని తిప్పాలి. కొసతో కొరక్కుండా కత్తెర నడిమి భాగంతో పొడుగ్గా కోయాలి. ఫెల్ట్‌కి పడుగూ పేకా లేవు, పోగులు ఊడవు, అందుకే అంచు మడవక్కర్లేదు. కానీ కోసిన అంచే కంటికి కనిపించే అంచు. అక్కడ మెట్లు మెట్లుగా ఉంటే దాచడానికి ఏమీ ఉండదు.

రెక్క

రెక్కకి మూడు పొరలు. పైన మట్టిరంగు ఉన్ని, కింద ముదురు నీలం, దాని మీద లేత నీలం పట్టీ అద్ది కుట్టినది. అసలు పిట్టలో ఈ నీలం రంగుద్రవ్యం వల్ల వచ్చేది కాదు, ఈక నిర్మాణంలో వెలుతురు చెదిరి పుట్టేది. అందుకే ఎండలో ఒకలా నీడలో ఒకలా ఉంటుంది. ఫెల్ట్‌కి ఆ మెరుపు రాదు. ఎంత వెలిసిపోని రంగు తెచ్చినా అది మెరుపు లేకుండానే ఉంటుంది. దానికి నాకు దొరికిన ఉపాయం, లేత నీలం పట్టీ అంచుని రెండు పోగుల మెరిసే రేయాన్ దారంతో కుట్టడం. ఎత్తినప్పుడు ఆ గీత ఒక్కటే తళుక్కుమంటుంది. అంతకు మించి మెరుపు పెడితే తగరం బొమ్మలా అయిపోతుంది.

రెక్క అంచంతా బ్లాంకెట్ కుట్టు, అంటే దారం అంచుని చుట్టి పట్టుకునే కుట్టు. యాంకర్ దారంలో ఆరు పోగులుంటాయి, రెండు తీసుకున్నాను. కుట్టు లోతు 3 మిల్లీమీటర్లు, ఎడం 3 మిల్లీమీటర్లు. దగ్గరగా కుడితే గట్టిగా ఉంటుందనుకుంటారు చాలామంది. ఫెల్ట్‌లో అది తిరగబడుతుంది. నేతలేని గుడ్డలో సూది రంధ్రాలు మరీ దగ్గరగా పడితే తపాలా బిళ్ళల షీటులా ఆ గీత వెంబడే చిరుగుతుంది.

కీలు గీత దగ్గరా ఇదే ప్రమాదం. పాప లాగిన ప్రతిసారీ బలమంతా ఆ 3 సెంటీమీటర్ల మీదే పడుతుంది. కుట్టు తెగదు, కుట్టు పట్టుకున్న ఫెల్ట్ ఊడి వస్తుంది. కాబట్టి బలం ఫెల్ట్ మీద పడకుండా చేయాలి. ఒంటి పక్క ముక్కకి లోపలివైపు, కీలు వచ్చేచోట, 5 సెంటీమీటర్ల పొడవున నూలు నాడా పరిచి చుట్టూ కుట్టాను. రెక్క లోపల మూడు పొరల మధ్య ఇంకో నాడా ముక్క. తర్వాత రెక్కని భుజం మీద పెట్టి, రెండు నాడాలూ కలిసేలా పాలియెస్టర్ దారం జంటపోగుతో రెండు వరసల బ్యాక్ స్టిచ్ (ప్రతి కుట్టుకీ సూది ఒకడుగు వెనక్కి వచ్చే గట్టి కుట్టు). అంటే నూలు నూలుని పట్టుకుంటుంది, ఫెల్ట్ మధ్యలో ఊరికే కూర్చుంటుంది.

ఈ పని ఒళ్ళు కుట్టకముందే, ముక్క బల్ల మీద పరిచి ఉన్నప్పుడే అయిపోవాలి. దూది కూరిన పిట్టకి బయటినుంచి రెక్క కుడితే సూది లోపలి నాడాని పట్టుకోదు, పైపైన పోతుంది. బజారు బొమ్మల్లో రెక్కలు ముందుగా ఊడిపోవడానికి నాకు తెలిసి కారణం ఇదే.

ఒళ్ళు, ముక్కు, గొంతు

ఒంటికి లోపలి కుట్టు వేశాను. 4 మిల్లీమీటర్ల అంచు వదిలి బ్యాక్ స్టిచ్, తర్వాత తిరగేయడం. బయట బ్లాంకెట్ కుట్టు చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. కానీ బయటికి కనిపించే కుట్టుని పసిపిల్లల గోరు, పన్ను వెతుక్కుంటూ వెళ్తాయి. తోక, రెక్కలు సన్నటివి, తిరగేయడం కుదరదు కాబట్టి వాటికి మాత్రమే బయటి కుట్టు.

ముక్కు నల్ల ఫెల్ట్‌ని రెండు పొరలుగా కుట్టి, దాని మొదలు తల పట్టీకీ రెండు పక్కలకీ మధ్య కుట్టులోకి 8 మిల్లీమీటర్లు వెళ్ళేలా పెట్టాను. ముందుగా తల ముక్క, ముక్కు మాత్రమే వేరే కుట్టి, ముక్కుని పట్టకారుతో బిగించి, 5 కిలోల బియ్యం సంచి వేలాడదీసి చూశాను. కదల్లేదు. అదే కుట్టు పిట్టకి వేశాను.

రొమ్ము రంగు ఈ పిట్టలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. గోధుమరంగులో వంగపండు ఛాయ, గొంతు మీద సన్నటి తెల్ల చారలు. ఆ రంగు ఫెల్ట్ ఎక్కడా దొరకదు. బిస్కెట్ రంగు మీద వంగపూవు రంగు దారం, తెల్ల దారం ఒక్కో పోగు తీసుకుని, గొంతు నుంచి రొమ్ముకి జారుతున్నట్టు చిన్న చిన్న నిలువు కుట్లు వేశాను. వరసగా వేస్తే చొక్కా గీతల్లా ఉంటాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, మధ్యలో ఖాళీలు ఉండాలి. చేయి దూరం నుంచి చూస్తే విడివిడి దారాలు కనపడవు, రెండు రంగులూ కలిసి ఒక ఛాయ కనపడుతుంది. ఒక సాయంత్రం పూర్తిగా దీనికే పోయింది, పోయినందుకు నాకేం బాధ లేదు.

కన్ను చుట్టూ పాలపిట్టకి పసుపు కలిసిన మట్టిరంగు చర్మం బయటికి కనిపిస్తుంది. 8 మిల్లీమీటర్ల బిళ్ళ కత్తిరించి కుట్టి, మధ్యలో నల్లదారంతో నిండు కుట్టు, ఒక మూల తెల్లచుక్క. రెండు కళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో ఎదురుగానూ పైనుంచీ చూసి ఖాయం చేసుకున్నాకే సూది పెట్టాలి.

కాళ్ళు పెట్టలేదు. వాలిన పిట్టకి అవి ఎలాగూ పెద్దగా కనపడవు, తీగలేని ఫెల్ట్ కాళ్ళు వేలాడతాయి తప్ప నిలబెట్టవు. పొట్ట పట్టీ అడుగున చదునుగా ఉంచి, తోకని నేలకి ఆనిస్తే పిట్ట దానంతటదే కూర్చుంటుంది.

కూరడానికి రిక్రాన్ అనే పాలియెస్టర్ ఫైబర్. బూరుగు దూది మెత్తగా ఉంటుంది గాని తడిస్తే గడ్డ కడుతుంది, ఉతికే బొమ్మకి పనికిరాదు. బరువు కోసం బియ్యమో శనగలో వేయమని కొందరు సలహా ఇస్తారు. పురుగు పడుతుంది, చిరిగితే నోట్లోకి వెళ్తుంది. ఫైబర్‌ని చిటికెడు చిటికెడు విడదీసి ముందు ముక్కు మొదలు, తర్వాత తల, ఆ తర్వాత మెడ నింపాలి. మెడలో మాత్రం గట్టిగా దట్టించాలి, లేకపోతే నెల తిరిగేసరికి తల వాలిపోతుంది. పొట్ట మెత్తగా ఉండాలి, పాప వేళ్ళు అక్కడే పట్టుకుంటాయి. నింపడానికి వదిలిన సందు పొట్ట పట్టీ పక్కన, దాన్ని లాడర్ స్టిచ్‌తో, అంటే బయటికి కనపడని కుట్టుతో, మూసేశాను. చివరగా పిట్ట ఒళ్ళంతా అయస్కాంతం తిప్పి, సూదుల డబ్బా లెక్క సరిచూసుకున్నాకే బయటికి ఇచ్చాను.

ఇచ్చిన తర్వాత

దసరా నాడు తల్లి పిట్టని బాల్కనీ గ్రిల్ మీద కూర్చోబెట్టి, పాపని దూరం నుంచి చూపించిందట. పాప "పావురం" అంది. దగ్గరికి వెళ్ళి రెక్క ఎత్తాక అరిచింది. సిద్దిపేటలో తాతయ్యకి వీడియోలో ఆ రెక్క ఎత్తి ఎత్తి చూపించింది. ఆయన "గిదిరా పాలపిట్ట" అన్నారని తల్లి మెసేజ్ పెట్టింది. నా పని తీరు మీద నాకు ఇంతకంటే తీర్పు అక్కర్లేదు.

సంక్రాంతి దాటాక పిట్ట నా దగ్గరికి ఉతకడానికీ చూడ్డానికీ వచ్చింది. ఇలా వెనక్కి తెప్పించుకుని చూడమని బొమ్మలు కుట్టేవాళ్ళందరికీ చెబుతాను. పిల్లల చేతుల్లో నలిగి వచ్చిన బొమ్మ చెప్పినంతగా ఇంకేదీ చెప్పదు. కీలు గీత చెక్కుచెదరలేదు, చుట్టూ ఫెల్ట్ సాగలేదు. ముక్కు గట్టిగా ఉంది. తల నిలబడే ఉంది. కుడి రెక్క కొస మాత్రం అరిగి, బ్లాంకెట్ కుట్టు మూడు నాలుగు చోట్ల వదులైంది. పాప పిట్టని ఆ రెక్క పట్టుకునే ఇల్లంతా తిప్పుతుందట. రెక్క లోపల పాలియెస్టర్ మీద ఉండలు లేచాయి, ఉన్ని మీద లేవలేదు. గొంతు చారల్లో 6 మిల్లీమీటర్లు దాటిన కుట్లు కొన్ని గోరుకి చిక్కి లేచి ఉన్నాయి, పొట్టివి అన్నీ అలాగే ఉన్నాయి.

చల్లనీళ్ళలో తక్కువ సబ్బుతో చేత్తో ఒత్తి ఉతికి, తువ్వాల్లో చుట్టి, నీడలో గాలికి ఆరబెట్టాను. రెక్క కొస కుట్లు విప్పి కొత్తగా వేశాను. లేచిన చారలు తీసేసి 4 మిల్లీమీటర్ల లోపు కుట్లతో నింపాను. ఉండల్ని చిన్న కత్తెరతో పైపైన కోశాను, లాగితే కింది పీచు కూడా వస్తుంది.

ఆ అపార్ట్‌మెంట్లోనే ఒక కన్నడ కుటుంబం వాళ్ళ ఐదేళ్ళ బాబుకి నీలకంఠ కావాలని అడిగింది. వాళ్ళింట్లో దసరాకి గొంబె, అంటే బొమ్మల కొలువు, కూర్చుతారు, అందులో పెట్టడానికి. అదే నమూనా, రెక్క కొసలో మాత్రం పొరల మధ్య నాడాని చివరిదాకా పొడిగించాను. లేత నీలం ఉన్నిలో దొరక్కపోతే తెల్ల ఉన్ని ఫెల్ట్‌కి నేనే రంగు వేసుకుందామని ఇప్పుడు ముక్కలు నానబెట్టి చూస్తున్నాను. రెండు ఛాయలు దగ్గరకొచ్చాయి, మూడో దాంట్లో ఇంకా ఆకుపచ్చ ఎక్కువగా ఉంది.